రాయగడ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా ఎన్ని గంటలు?

పర్లాకిమిడి

ఒరే సత్యం,

నీ ఉత్తరం అందింది. అమ్మానాన్నల్ని రాయగడ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోలో మీ అక్క దగ్గరికి పంపుతున్నావన్నమాట, సంతోషం. "13,540 కిలోమీటర్లు, గంటకి 900 లెక్కన పదిహేను గంటలేగా" అని రాశావు. భాగాహారం బాగానే చేశావు గానీ, అది హైదరాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి సూటిగా ఉండే దూరం. నువ్వు చూసిన టికెట్టు దుబాయ్ మీదుగా. దుబాయ్‌కి సుమారు 2,550, అక్కణ్ణించి 13,020, మొత్తం 15,570.

పైగా 900 అనేది పైకెక్కాక ఉండే వేగం. విమానం రన్‌వే దాకా మెల్లగా పోవడం, గాల్లోకి లేవడం, కిందికి దిగడం కలిపి ప్రతి విమానానికీ ముప్పావుగంట వేసుకో. ఎదురుగాలి ఉంటే ఇంకాస్త. అందుకే దుబాయ్‌కి నాలుగు గంటలు, రెండోదానికి పదహారు.

రెండోది ఎటు పోతుందో అట్లాసులో చూస్తే తెలీదు. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడు, ఉత్తర ధ్రువం పక్కనుంచే పోతుంది. దుబాయ్ 55 డిగ్రీల తూర్పు, శాన్‌ఫ్రాన్సిస్కో 122 డిగ్రీల పడమర, అంటే భూమికి దాదాపు చెరోవైపు. గాలుల్ని బట్టి, మూసేసిన గగనతలాల్ని బట్టి అసలు దారి రోజూ కొంత మారుతుంది. ఇదే దూరం ఒకచోట 8,090 మైళ్లని, ఇంకోచోట 7,030 అని కనిపిస్తే కంగారుపడకు. మొదటిది మామూలు మైలు, రెండోది 1.852 కిలోమీటర్ల నాటికల్ మైలు.

టికెట్టు మీద టైములన్నీ ఏ ఊరివి ఆ ఊరివే. సోమవారం ఉదయం 10కి హైదరాబాద్‌లో బయల్దేరి, సోమవారం రాత్రి 7:30కి దిగినట్టు ఉంటే తొమ్మిదిన్నర గంటలనుకునేవు! వేసవిలో అక్కడి టైముకి పన్నెండున్నర గంటలు కలిపితే మన టైము, అంటే మంగళవారం ఉదయం 8. నికరంగా 22 గంటలు, దుబాయ్‌లో రెండు గంటల ఆగుడుతో కలిపి. నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా పదమూడున్నర కలపాలి. ఆ రెండు గంటలు కూడా పెద్దవాళ్లకి చాలవు, మూడున్నర ఉన్నది వెతుకు.

అసలు చిక్కు మన వైపే. విశాఖ–హైదరాబాద్ గాల్లో 510 కిలోమీటర్లే, గంటంబావు. కానీ ఆ టికెట్టు విడిగా కొంటే హైదరాబాద్‌లో సామాను తీసుకుని మళ్లీ ఇవ్వాలి, మొదటిది ఆలస్యమైతే రెండో కంపెనీకి సంబంధం లేదు. మధ్యలో ఆరు గంటలైనా ఉంచు. ఇంకో మెలిక: అమెరికా టికెట్టుకి మామూలుగా మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు, దేశంలో తిరిగే విమానానికి 15 కిలోలే. మిగతా 31 కిలోలకీ డబ్బు కట్టాలి, మీ అమ్మ పచ్చళ్లతో సహా. విశాఖ నుంచే ఒకే పీఎన్ఆర్ మీద, అంటే మొత్తం ప్రయాణానికి ఒకే బుకింగు నంబరు మీద తీసుకుంటే ఈ గొడవలు చాలావరకు ఉండవు. వంద, రెండొందలు కాదు, కొన్ని వేలు ఎక్కువైనా నేనైతే అదే కొనమంటాను.

రాయగడ నుంచి పార్వతీపురం, బొబ్బిలి మీదుగా విశాఖ వచ్చే రైలుని నమ్ముకుని అదే రోజు విమానం పెట్టకు, ముందురోజే విశాఖ చేర్చు. టికెట్టు కొన్నప్పుడే ఇద్దరికీ వీల్‌చైర్ అడుగు. నడవలేకపోవడం కోసం కాదు, దుబాయ్‌లో గేటు దాకా తీసుకెళ్లే మనిషి ఉంటాడని.

టికెట్టు డబ్బు కట్టకముందు టైములు నాకు పంపు, చూసి చెప్తాను.

నీ
రమణ