ఇంటి కంప్యూటర్‌లో ట్రోజన్ దూరితే

అందరికీ నమస్కారం. నిన్న మా విండోస్ కంప్యూటర్‌లో దూరిన ట్రోజన్‌ను (మంచి ప్రోగ్రామ్‌లా నటిస్తూ లోపలికొచ్చే దొంగ ప్రోగ్రామ్) నేనే వెతికి తీసేశాను. మీకూ అవసరం పడవచ్చని రాస్తున్నాను.

ముందు ఇంటర్నెట్ ఆపేయండి; మన సమాచారం బయటికి పోయేది ఆ దారినే. షిఫ్ట్ మీట నొక్కిపట్టి రీస్టార్ట్ చేస్తే సేఫ్ మోడ్‌కు దారి దొరుకుతుంది. అక్కడ అత్యవసరమైనవే నడుస్తాయి, దొంగ చాలావరకు నిద్రలో ఉంటాడు.

అసలు వేట టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ జాబితాలో (విండోస్‌తో పాటే వాటంతటవే మొదలయ్యే ప్రోగ్రామ్‌లు ఇందులో ఉంటాయి). నాకు చిక్కినదాని పేరు 'ఎస్‌సీవీహోస్ట్'. విండోస్ వారి అసలు ఫైలు 'ఎస్‌వీసీహోస్ట్'. రెండక్షరాలు తారుమారు, అంతే! పైగా అసలుదానికి ఆ జాబితాలో పనే లేదు. పేరు సరిగా ఉన్నా నమ్మకండి, ఏ ఫోల్డర్‌లో ఉందో చూడండి. అసలుది సిస్టమ్32లో ఉంటుంది. ఇది యాప్‌డేటాలో నక్కి ఉంది.

తీసేశాను. రీస్టార్ట్ చేయగానే మళ్లీ ప్రత్యక్షం! పనులను వాటంతటవే నడిపించే టాస్క్ షెడ్యూలర్‌లో (ఇది సేఫ్ మోడ్‌లో పనిచేయదు, మామూలుగా తెరిచి చూడాలి) లాగిన్ అయిన ప్రతిసారీ దాన్ని తిరిగి కాపీ చేసే పని ఒకటి పెట్టి ఉంది. దాన్నీ, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలోని 'రన్' కీలో ఉన్న ఎంట్రీనీ తీసేశాకే పీడ విరగడైంది. రిజిస్ట్రీ జోలికి వెళ్లే ముందు దాని కాపీ తప్పక దాచుకోండి.

తర్వాత విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్ డిఫెండర్‌తో ఆఫ్‌లైన్ స్కాన్ (విండోస్ మొదలవకముందే చేసే తనిఖీ) నడపండి. బ్యాంకు, ఈమెయిల్ పాస్‌వర్డ్‌లు వేరే పరికరం నుంచి మార్చండి. అప్పటికీ అనుమానం మిగిలితే పంతానికి పోకుండా ఫొటోలు, పత్రాలు వేరే డ్రైవ్‌లోకి తీసుకుని విండోస్‌ను కొత్తగా ఎక్కించండి.