ముందు ప్రింటరు సంగతి తేల్చుకో బావా

విశాఖపట్నం

బావా,

నీ ఉత్తరం అందింది. "ఫోను యాప్ రాయడానికి ఫ్లట్టరా, రియాక్ట్ నేటివా, కోట్లినా? ఒక్క మాటలో చెప్పు" అని రాశావు. ఒక్క మాటలో తేలేదైతే మా ఆఫీసులో ఇన్ని తగవులు అయ్యేవి కావు. మేము ఈ మధ్యనే ఆ గుంజాటన దాటాం కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను. తీరిక చేసుకుని చదువు.

మా పని నీకు తెలిసిందే, ఫిషింగ్ హార్బరులో మరపడవల యజమానులకు లెక్కల యాప్. వేటకు వెళ్లేముందు డీజిలు, ఐసు, బియ్యం ఖర్చు ఎంత, తిరిగొచ్చాక ఏ చేప వేలంలో ఎంతకు పోయింది, ఖర్చులు పోగా యజమానికెంత, పడవ నడిపే సరంగుకెంత, పడవలో పనిచేసే కలాసీలకెంత. మా దగ్గరకు వచ్చినవాళ్లంతా ఇప్పటికీ ఇదంతా నోటుపుస్తకాల్లోనే రాసుకుంటున్నారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవలకు వేట నిషేధం. యజమానులు కుదురుగా కూర్చుని కొత్తది నేర్చుకోవాలంటే అప్పుడే. పడవలు మళ్లీ కదిలాక తెల్లవారుజామున వేలంపాట హడావుడిలో మన యాప్ ముఖం ఎవరు చూస్తారు? కాబట్టి ఏ టూలు తీసుకోవాలో నిదానంగా చర్చించుకునే వెసులుబాటు మాకు లేదు.

అందరిలాగే మేమూ మొదట పట్టిక వేశాం. వేగం, యాప్ సైజు, నేర్చుకోవడం సులువా కష్టమా, ఇలా ఎన్నో గళ్లు. అన్నీ టిక్కులతో నిండాయి గానీ తేలిందేమీ లేదు. మూడూ గట్టి సంస్థల అండ ఉన్నవే. రియాక్ట్ నేటివ్‌ను ఫేస్‌బుక్ 2015లో అందరికీ తెరిచింది. ఫ్లట్టర్ 1.0ను గూగుల్ 2018 డిసెంబరులో విడుదల చేసింది. కోట్లిన్ జెట్‌బ్రెయిన్స్ వాళ్ల భాష, 2017లో ఆండ్రాయిడ్‌కు అధికారిక భాషల్లో చేరింది, 2019 నుంచి గూగుల్ దానికే పెద్దపీట వేసింది. ఇళ్లు, గదులు అద్దెకు ఇప్పించే ఎయిర్‌బీఎన్‌బీ 2018లో రియాక్ట్ నేటివ్‌ను వదిలేసిందని మాలో ఒకరు ప్రతి సమావేశంలోనూ గుర్తుచేసేవారు. అంత పెద్ద సంస్థ కష్టాలు వేరు, నలుగురు కూర్చున్న మన గది కష్టాలు వేరు. ఆ వాదన నాకు ఎప్పుడూ రుచించలేదు.

చివరికి పట్టిక పక్కన పడేసి, మా యాప్‌లో అన్నిటికన్నా మొండి ముక్క ఏదో దాన్నే మూడింటిలోనూ చేసి చూశాం. లాగిన్ స్క్రీను మీద పరీక్షలు పెట్టకు బావా. పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకులా అది ఎక్కడైనా బుద్ధిగానే కనిపిస్తుంది. మా మొండి ముక్క ఇది: సముద్రంలో సిగ్నల్ లేనప్పుడు సరంగు రాసిన లెక్క ఫోనులోనే నిలవాలి, ఒడ్డుకు చేరగానే తనంతట తానే సర్వర్‌కు వెళ్లాలి, వాటాల చీటీ తెలుగులో బ్లూటూత్ ప్రింటరు మీద అచ్చవ్వాలి. అదీ పాత చవక ఫోనులో.

లెక్క నిలవడం మూడింటిలోనూ ఇబ్బంది కాలేదు, ఫోనులోనే సమాచారం దాచే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఎక్కడైనా ఒకటే. పంపడంలో తేడా తెలిసింది. బ్యాటరీ ఆదా కోసం ఆండ్రాయిడ్ వెనక నడిచే పనులను ఆపేస్తూ ఉంటుంది. నెట్‌వర్క్ దొరికేదాకా పనిని వరుసలో ఉంచి, ఫోను ఆపి మళ్లీ పెట్టినా మరిచిపోకుండా నడిపించేందుకు ఆండ్రాయిడ్‌లో వర్క్‌మేనేజర్ అనే సాధనం ఉంది. కోట్లిన్ నుంచి దాన్ని నేరుగా పిలవచ్చు, మిగతా రెండింటిలో మధ్యన ఒక ప్లగిన్, అంటే రెండు వైపులనూ కలిపే కోడ్ ముక్క, కావాలి.

అసలు తమాషా ప్రింటరు దగ్గర. చవక రకం బిల్లు ప్రింటర్లలో తెలుగు అక్షరాలు ఉండవు. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు పంపితే అచ్చవుతాయి, తెలుగు పంపితే పిచ్చిగీతలు వస్తాయి. అందుకని చీటీ మొత్తాన్ని ఫోనులోనే బొమ్మగా గీసి, నలుపు తెలుపు చుక్కలుగా మార్చి ముక్కలు ముక్కలుగా పంపాలి. 58 మిల్లీమీటర్ల కాగితానికి వరుసకు 384 చుక్కలు. ఆ ఇరుకులో "మత్స్యలక్ష్మి" అనే పడవ పేరు ఒత్తులు కలిసిపోకుండా రావాలి. స్క్రీను మీదా అంతే. ఇంగ్లీషు అక్షరాల ఎత్తు చూసి గడి కొలత బిగించేస్తే, ఏ టూలు అయినా సరే, కింది ఒత్తు తెగిపోతుంది. నీ పరీక్షలో ఇలాంటి పేరు ఒకటి తప్పకుండా పెట్టు.

ప్రింటరు కోసం మేము ఎంచుకున్న ప్లగిన్ మా బొమ్మను సగంలోనే వదిలేసేది. దాని పేజీ తెరిచి చూస్తే జవాబు లేని ఫిర్యాదులు బారులు తీరి ఉన్నాయి. రాసినాయన తీరిక వేళల్లో రాసి ఊరికే ఇచ్చాడు, ఆయన్ని ఏమంటాం? సరే, ఆ ముక్క మనమే రాసుకుందాం అనుకుంటే, ఫ్లట్టర్ తీసుకున్నా రియాక్ట్ నేటివ్ తీసుకున్నా ఆండ్రాయిడ్ వైపు భాగాన్ని మళ్లీ కోట్లిన్‌లోనో జావాలోనో రాయాల్సిందే. తప్పించుకుందామనుకున్న భాషే ఎదురొస్తోంది, పైగా ఇంకో భాష అదనం. నా మనసు అక్కడే కోట్లిన్ వైపు తిరిగింది.

ఇంకొకటి, రేపు మరమ్మతు చేసేదెవరు? ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీల నుంచి మా దగ్గరకు వచ్చే పిల్లలకు జావా కొంతైనా వచ్చి ఉంటుంది. కోట్లిన్ జావాతో కలిసి నడుస్తుంది కాబట్టి త్వరగానే అందుకుంటారు. ఫ్లట్టర్ వాడే డార్ట్ భాష కష్టమని కాదు, నేర్పే ఓపిక నాకు లేదు.

ఫ్లట్టర్‌ను తక్కువ చేస్తున్నానని అనుకోకు. కోడ్‌లో ఒక రంగు మార్చగానే యాప్ నడుస్తుండగానే కళ్ల ముందు మారిపోవడం ఎంత హాయో! ఐఫోనుకూ ఆండ్రాయిడ్‌కూ కలిపి ఒకే యాప్ కావాలి, ప్రింటర్ల లాంటి గొడవ లేదు అంటే నేనే నీ చేత ఫ్లట్టర్ పట్టిస్తాను. మా సరంగులందరివీ ఆండ్రాయిడ్ ఫోన్లే. ఐఫోను ఉన్న యజమానులకు లెక్క చూసుకోవడానికి మామూలు వెబ్ పేజీ ఇస్తున్నాం. ఇంతవరకు ఎవరూ గొణగలేదు.

ఏది తీసుకున్నా బయటికి వచ్చే దారి ముందే చూసుకో. మైక్రోసాఫ్ట్ అంతటి సంస్థే 2024 మే 1తో జామరిన్ అనే తన యాప్ తయారీ టూలుకు మద్దతు ముగించింది. అందుకే వాటాల లెక్క కట్టే సూత్రాలను స్క్రీన్లతో ముడిపెట్టకుండా విడిగా రాయించాను. రేపు స్క్రీన్లు మారినా వాటాల జోలికి వెళ్లనక్కర్లేదు.

నీ యాప్‌లో మొండి ముక్క ఏదో రాయి, అప్పుడు ఒక్క మాటలో చెప్పగలనేమో చూస్తాను. అన్నట్టు, నీ దగ్గర మూలన పడి ఉన్న పాత ఆండ్రాయిడ్ ఫోను పారేయకు. తెర పగిలినా పరవాలేదు, వచ్చేవాళ్ల చేత పంపించు. మాకు పరీక్షలకు అలాంటివే కావాలి.

నీ
బావ