మన చదరంగ సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది గట్టిగా చెప్పుకోవలసింది సంక్రాంతి సెలవుల్లో జరిపిన ప్రదర్శన గురించి. మిగతావి ముందే క్లుప్తంగా చెప్పేస్తాను. అమలాపురంలో ఆదివారం క్లాసులు ఏడాది పొడుగునా నడిచాయి. గోదావరికి వరద వచ్చి పంటు (రేవు దాటించే పడవ) ఆపేసిన వారాల్లో కోటిపల్లి వైపు పిల్లలు రాలేకపోయారు. పంటు తిరగడం మొదలైన ఆదివారమే మళ్లీ వచ్చి కూర్చున్నారు. వాళ్లను రేవు దాటించి తీసుకొచ్చే తల్లిదండ్రులకు సంఘం రుణపడి ఉంది. జమాఖర్చుల పత్రం దీనితో జత చేశాం. మిగులు స్వల్పం. చందా బాకీ ఉన్నవారు ఈ నెలలోనే కట్టండి.

ఇక ప్రదర్శన. ఒక ఆటగాడు బల్లల చుట్టూ తిరుగుతూ అందరితో ఒకేసారి ఆడే ఆట మనకు కొత్త కాదు. 1922లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో అప్పటి ప్రపంచ ఛాంపియన్ కపబ్లాంకా 103 బోర్డుల మీద ఆడి 102 గెలిచి, ఒక్కటి డ్రా చేసుకున్న సంగతి మన క్లాసు పిల్లలందరికీ తెలుసు. కానీ ఆ పద్ధతిలో కొత్తగా నేర్చుకున్నవాళ్లు తొందరగా ఓడిపోయి, మిగతా సాయంత్రమంతా ఖాళీగా కూర్చుంటారు. అందుకే ఈసారి మరుగున పడ్డ పాత పద్ధతులు తీద్దామని కార్యవర్గం నిర్ణయించింది.

అన్నిటికన్నా బాగా పండింది కన్సల్టేషన్ ఆట. ఒక్కో బోర్డు దగ్గర ముగ్గురు కూర్చుని, పైకే మాట్లాడుకుని, ఒక్క ఎత్తు వేస్తారు. 1858లో పారిస్ ఒపేరాలో బ్రన్స్‌విక్ డ్యూక్, ఇసువార్ కౌంట్ కలిసి ఆలోచించుకుంటూ ఆడితే అమెరికా ఆటగాడు మోర్ఫీ 17 ఎత్తుల్లో కట్టేసిన ఆట ఈ తరహాదే. మనం ప్రతి బల్ల దగ్గరా ఒక పెద్దాయనను, ఒక కాలేజీ కుర్రాణ్ని, ఒక చిన్నపిల్లను కలిపి కూర్చోబెట్టాం. "ఆయ్, కాదండి తాతగారూ, ఆ గుర్రం తీస్తే వెనకాల మంత్రి పోద్దండి" అని ఆరో తరగతి అమ్మాయి చెప్పడం, ఆ తాతగారు చెయ్యి వెనక్కి తీసుకుని మళ్లీ ఆలోచించడం హాలంతా చూసింది. ఆ బల్లవాళ్లు డ్రా తెచ్చుకున్నారు. మన సంఘం ఉన్నది ఇందుకే అని నాకు అప్పుడు అనిపించింది.

తర్వాత హెచ్చుతగ్గుల ఆట. 19వ శతాబ్దంలో బలమైన ఆటగాడు తన రాజు పక్క శకటు ముందున్న బంటును తీసేసి, తెల్లపావులు, అంటే మొదటి ఎత్తు, ఎదుటివారికి ఇచ్చేవాడు. దాన్ని 'బంటూ ఎత్తూ' అనేవారు. ఇంకా బలహీనుడైతే 'బంటూ రెండెత్తులూ', ఆపైన గుర్రం, ఏనుగు. ఈ పేర్లన్నీ అట్టల మీద రాసి గోడకు పెట్టాం. ఏ మెట్టు మీద ఆడాలో పిల్లలే ఎంచుకున్నారు. గడియారం పెట్టి ఆడిన బోర్డుల్లో మాత్రం వచ్చిన ఆటగాడికే టెన్షన్. ఒక చోట ఆలోచిస్తుంటే, ఎదుటివారు ఎత్తు వేసేసిన మిగతా బోర్డులన్నిట్లోనూ ఆయన టైమే పోతుంది. ఇద్దరు ఆటగాళ్లు ఒకరి తర్వాత ఒకరు, మాట్లాడుకోకుండా ఎత్తులు వేసే టాండెమ్ కూడా పెట్టాం. మొదటాయన పన్నిన పథకం రెండో ఆయనకు అంతుపట్టక మనవాళ్లు రెండు బోర్డులు గెలిచారు.

చివరి అంశం బోర్డు చూడకుండా ఆడటం. 19వ శతాబ్దపు ఇంగ్లీషు పత్రికలు దీనికి 'సాన్ వువార్' అనే ఫ్రెంచి మాట వాడేవి. అర్జెంటీనా ఆటగాడు నజ్‌డార్ఫ్ 1947లో బ్రెజిల్‌లోని సావో పావ్లోలో 45 బోర్డులు అలా ఆడాడు. అమెరికా ఆటగాడు పిల్స్‌బరీ అయితే చూడని చదరంగంతో పాటే చెకర్సూ, పేకాటా నడిపించేవాడు. ఇది విన్న మన తెలుగు మాస్టారు లేచి, "ఇది అవధానమే కదండీ" అన్నారు. నిజమే. మన అష్టావధానాల్లో చదరంగం కూడా ఒక అంశంగా ఉండేది. పద్యం చెబుతూ, గంటలు లెక్కపెడుతూ, అప్రస్తుత ప్రసంగానికి జవాబిస్తూనే అవధాని ఎత్తు చెప్పేవారు. కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రిగారు, యండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు అవధానాన్ని ఊరూరా తిప్పిన గడ్డ మనది. అలాంటి గడ్డ మీద చూడని చదరంగం ఆడించడం మనకు దక్కిన గౌరవం.

రెండు మాటలు బాధతో రాయాలి. హాలు ఉచితంగా ఇస్తామన్న కార్యాలయం వారు చివరి వారంలో కుదరదన్నారు. అర్జీకి జవాబు ఇప్పటికీ లేదు. బల్లలు మోయడానికి పేర్లిచ్చిన సభ్యుల్లో సగం మంది ఆ పొద్దున రాలేదు, ఫోనూ తియ్యలేదు. పండక్కి చుట్టాలు వస్తారు, నిజమే. వచ్చినవాళ్లకూ చుట్టాలున్నారు.

కల్యాణమండపం తాళాలు రాత్రికి రాత్రే ఇచ్చిన ధర్మకర్తలకు, కుర్చీలకు అద్దె తీసుకోని టెంట్‌హౌస్ వారికి, పులిహోర వండి పంపిన ఆడపడుచులకు, ఖర్చులు కూడా అడగకుండా కాకినాడ, రాజమండ్రి నుంచి వచ్చిన ఆటగాళ్లకు, చివరి బల్ల సర్దేదాకా ఉన్న కుర్రాళ్లకు పేరుపేరునా కృతజ్ఞతలు.

వచ్చే ఏడాది కన్సల్టేషన్ ఆట దసరా సెలవుల్లో ఒకసారి, సంక్రాంతికి ఒకసారి పెట్టాలని ప్రతిపాదిస్తున్నాను. పని చేయగలిగినవారే పేర్లివ్వండి. ఆ జాబితా సమావేశంలోనే ఖాయం చేద్దాం.

కార్యదర్శి