చొక్కాలు నావి, క్షమాపణ ఆమెది

సంపాదకుడు గారికి,

ఇల్లు సర్దుకోవడం మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. చిట్కాలు బాగానే ఉన్నాయి గానీ మొదటినుంచి చివరిదాకా 'ఇల్లాలు', 'ఇల్లాలు' అనే ఉంది, ఆ ఇంట్లో ఇంకెవరూ ఉండనట్టు.

మొన్న మా ఇంటికి చెప్పాపెట్టకుండా ఇద్దరు వచ్చారు. మా హాల్లో ఒక కుర్చీ ఉంది, దాని మీద మనిషి కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు, ఎందుకంటే ఒకసారి తొడిగి విప్పిన నా చొక్కాలు, ఉతుక్కి వేసేంత మాసినవీ కావు, మడతపెట్టి బీరువాలో దాచేంత శుభ్రమైనవీ కావు, అవన్నీ అక్కడే కాపురం ఉంటాయి. బెల్ మోగగానే మా ఆవిడ ఆ గుట్టను చంకలో ఇరికించుకెళ్లి లోపలి గదిలో పడేసి తలుపు వేసింది. వచ్చినవాళ్లు ఇంకా కూర్చోలేదు, "ఇల్లంతా చిందరవందరగా ఉంది, ఏమీ అనుకోకండి" అనేసింది. నేను హాయిగా కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను. నావైపు ఎవరూ చూడలేదు కూడా.

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నవాళ్లు ఇంటాయన్ని దేన్ని చూసి అంచనా వేయాలో మాత్రం చెప్పలేదు.

పాతకాలపు మాటలే అనుకుందామా అంటే, 2019లో కొందరు సామాజిక శాస్త్రవేత్తలు ఒక పరిశోధన ప్రచురించారు. ఒకే గది ఫొటో చూపించి కొందరికి అది మగవాడిదనీ కొందరికి ఆడమనిషిదనీ చెబితే, నీట్‌గా ఉన్న గది కూడా ఆడమనిషిదని తెలియగానే కాస్త తక్కువ శుభ్రంగా కనిపించిందట. మగవాళ్ల కంటికి చిందరవందర ఆనదని మేం చెప్పుకునే సాకూ పోయింది, గది ఎంత అధ్వానంగా ఉందో ఆడా మగా ఒకేలా పసిగట్టారు.

అదే గందరగోళం పేరున్న మగవాడిదైతే మ్యూజియంకి ఎక్కుతుంది. చిత్రకారుడు ఫ్రాన్సిస్ బేకన్ 1992లో చనిపోయాక, ఆయన లండన్ స్టూడియోని 1998లో డబ్లిన్‌లోని హ్యూ లేన్ గ్యాలరీకి ఇచ్చారు. పురావస్తు నిపుణులు ఏ కాగితం ఎక్కడ పడి ఉందో కొలుచుకుని మరీ 7,000కు పైగా వస్తువుల్ని, గోడలు తలుపులతో సహా తరలించారు. దుమ్ము కూడా పట్టుకెళ్లారండీ! 2001లో జనం చూడ్డానికి తెరిచారు. ఆ దుమ్మే ఒక గృహిణి అలమారా మీద ఉంటే వేలితో గీసి చూపించేవాళ్లం.

శుభ్రంగా ఉండొద్దని కాదు. ఎంగిలి గిన్నెలు కడగాల్సిందే, నేల తుడవాల్సిందే. కానీ చెల్లాచెదురుగా పడున్న పుస్తకాలకీ, సోఫా కింద దూరిన బొమ్మకీ ఒక మనిషి గుణం తేల్చేసే హక్కు మనకెవరిచ్చారు?

ఈసారి ఇలాంటి వ్యాసం వేసేముందు 'ఇల్లాలు' ఉన్నచోటల్లా 'ఇంట్లోవాళ్లు' అని మార్చి ఒకసారి చదివి చూడండి. మా కుర్చీ నేనే ఖాళీ చేశాను. నిజం చెప్పాలంటే రెండు చొక్కాలు తలుపు వెనక కొక్కేనికి చేరాయి.

– ఒక పాఠకుడు