సీసా మూత తిప్పే ముందు ఇది చదువు

ఒరేయ్ మామా,

కారు పెయింట్ మీద పూస్తే గట్టి పొరలా కాపాడే ఆ సిరామిక్ కోటింగ్ సీసా కొనేశావట, ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించేస్తావట. అంత సీన్ లేదురా. పోయిన నెల నేనూ ఇలాగే ఎగురుకుంటూ దిగాను, రెండు రోజులకి తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ 30 మిల్లీలీటర్ల సీసాని కారంతా పూయడం పెద్ద పనేం కాదు. చాకిరీ అంతా దానికి ముందే ఉంది, ఎందుకంటే ఆ కోటింగ్ గీతల్ని దాచదు, కింద ఏముంటే దాన్ని అలాగే పట్టుకుని గట్టిపడిపోతుంది. నేను షాంపూతో కడిగేసి తళతళలాడుతోంది కదా అనుకున్నాను. పల్చటి ప్లాస్టిక్ కవరు చేతికి తొడుక్కుని బానెట్ మీద తడిమితే గరుకు కాగితంలా తగిలింది! బ్రేకుల నుంచి రాలే ఇనుప రజను పెయింట్‌లో గుచ్చుకుని ఉంటుంది. ఐరన్ రిమూవర్ కొట్టగానే ఊదారంగు చారలు కారాయి, చూడ్డానికి భలే ఉంది గానీ కంపు మాత్రం అచ్చం కుళ్ళిన గుడ్డే. తర్వాత క్లే బార్, అంటే పెయింట్‌లో ఇరుక్కున్న మురికిని లాగేసే మెత్తటి ముద్ద (చేజారి నేలమీద పడిందా, ఇక పారెయ్, దానికంటుకున్న ఇసకే కారంతా గీస్తుంది), తర్వాత పాలిష్, ఆఖర్న పాలిష్ జిడ్డు పోయేదాకా నీళ్ళు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడుపు.

ఇక పూత. కారు నీడలో ఉండాలి, రేకు చల్లగా తగలాలి, చేతికి గ్లవ్స్ ఉండాలి. ఒకేసారి బానెట్ అంతా పూసెయ్యకు. రెండడుగుల చదరం చాలు, నిలువుగా ఓసారి, అడ్డంగా ఓసారి. అప్పుడు పక్కనుంచి టార్చి వేసి చూడు, తడి రోడ్డు మీద పెట్రోలు చుక్క పడితే తేలే రంగులుంటాయే, అవే కనిపిస్తాయి, ఆ వెంటనే సన్నగా చెమట పట్టినట్టు అవుతుంది. అదే తుడవాల్సిన ఘడియ. వేడీ తేమా బట్టి ఒక నిమిషం కావచ్చు, మూడు కావచ్చు, గడియారం కన్నా నీ కళ్ళని నమ్ము. ఒక మైక్రోఫైబర్ బట్టతో తుడిచి, ఇంకో పొడి బట్టతో మళ్ళీ తుడువు.

నేను సరిగ్గా అక్కడే దెబ్బతిన్నాను. రూఫ్ మీద ఓ చదరం పూశాను, ఫోన్ మోగింది, మాట్లాడొచ్చి తుడిచేశాను, అంతా బాగానే ఉన్నట్టు కనిపించింది. మర్నాడు ఎండలో చూస్తే అరచేతంత నల్లటి మచ్చ! గట్టిపడ్డాక బట్టకి లొంగదు, మళ్ళీ పాలిష్ పట్టి గీకి, మళ్ళీ పూయాల్సొచ్చింది.

అన్నట్టు, సీసా మీద 9హెచ్ అని చూసి మురిసిపోకు. అది పెన్సిల్‌తో గీసి చూసే పరీక్షలో మార్కు, అంతే. రాయి తగిలితే పెచ్చు లేస్తుంది. ఉప్పునీళ్ళు ఆరితే మరకలూ పడతాయి. కాకపోతే నీళ్ళు ముత్యాల్లా జారిపోతుంటే, కడిగే పని మాత్రం సగానికి తగ్గిపోతుందిరా.

ఓ రోజంతా తడవనివ్వకు, వారం దాకా షాంపూ జోలికెళ్ళకు. పూత పూసిన బట్ట రాయిలా బిగుసుకుపోతుంది, ఉతుకుదామని దాచకుండా పారెయ్.

ఇంకోటి, ఆదివారం ఫోన్ ఆపేసి ఇంట్లో పెట్టు. ఆ రోజు నాకు ఫోన్ చేసిన మహానుభావుడివి నువ్వే మరి.

నీ
మామ