పేరు తెలిస్తేనే నోరు పెగులుతుంది

సంపాదకులకు నమస్కారం.

కష్టమొస్తే మనుషులు వాళ్లంతట వాళ్లే ఒక్కటైపోతారని మీ పత్రికలో ఒక పాఠకుడు రాసిన ఉత్తరం చదివాను. ఆపరేషన్ థియేటర్లో 31 ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైనదాన్ని. నేను చూసింది వేరు.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. అర్ధరాత్రి ఎమర్జెన్సీ కేసు. పొట్ట తెరిచి ఉంది, రక్తం ఆగడం లేదు. సర్జన్ చేయి చాపి, రక్తనాళాన్ని నొక్కిపట్టే క్లాంప్ అడిగారు. ఆయనకు కావలసిన సైజు ట్రేలో లేదు. సాయంత్రం స్టెరిలైజ్ అయి రాలేదని నాకు ముందే తెలుసు. చెప్పలేదు. అప్పటిదాకా ఆయన నన్ను పిలిచిన పిలుపు "ఏయ్" ఒక్కటే. అలాంటి మనిషి దగ్గరికి వెళ్లి "సార్, ఇది లేదు" అనడానికి నోరు పెగల్లేదు. పక్క థియేటర్ నుంచి తెచ్చేలోపు ఆయన వేళ్లతోనే నొక్కిపట్టుకుని నిలబడ్డారు. పేషెంట్ బతికాడు, అందులో మా గొప్పేం లేదు. తెల్లారాక తప్పు ఎవరిదని అందరం ఒకరినొకరు దుమ్మెత్తిపోసుకున్నాం. అంత కష్టం కలిసి పడినా మా మధ్య ఏదీ అతుక్కోలేదు.

తర్వాత వేరే ఆసుపత్రిలో ఒక మత్తు డాక్టరమ్మ దగ్గర పనిచేశాను. మొదటి కేసుకు ముందు ఆవిడ అందర్నీ, నేల తుడిచే ఆయాతో సహా, టేబుల్ చుట్టూ నిలబెట్టి పది నిమిషాలు మాట్లాడించేవారు. "ఇవాళ ఎక్కడ తేడా కొట్టొచ్చు?" అని ఒక్కొక్కర్నీ అడిగేవారు. కేసులు లేని రోజున నన్ను మత్తు ట్రాలీ ముందు నిలబెట్టి, కళ్లు మూసుకుని ఏ సొరుగులో ఏముందో చెప్పమనేవారు. నా పని కాదు కదా అని లోపల సణుక్కునేదాన్ని.

ఒకరోజు ఐదు గంటల ఆపరేషన్ అయ్యాక సర్జన్ పొట్ట మూయడానికి సూది అందుకున్నారు. చేరి నాలుగు నెలలైనా నిండని అమ్మాయి మాప్‌లు, అంటే పొట్టలో రక్తం అద్దే గుడ్డలు, లెక్కపెడుతోంది. ఇచ్చినవి పది, తిరిగొచ్చినవి తొమ్మిది. మళ్లీ లెక్కపెట్టింది. "సార్, ఒకటి తగ్గింది. మూయొద్దు" అంది. "నేను చూశానమ్మా, లోపల ఏం లేదు" అన్నారాయన. "ఇంకోసారి చూడండి సార్." గొంతు వణికింది గానీ మాట మారలేదు. ఆయన సూది పక్కన పెట్టి, చేయి లోపలికి పోనిచ్చి, కాలేయం వెనక నుంచి తడిసి ముద్దైన మాప్ ఒకటి బయటికి తీశారు. ఎవరం కిక్కురుమనలేదు. డాక్టరమ్మ మాత్రం బోర్డు మీద తొమ్మిది కొట్టేసి పది వేయమన్నారు.

ఆ పిల్లది పుట్టుకతో వచ్చిన ధైర్యమేం కాదు. చేరిన కొత్తలో బాత్రూం ఎక్కడని అడగడానికే అరగంట తటపటాయించిన మనిషి! ఏ ప్రమాదమూ లేని రోజుల్లో చిన్నచిన్న వాటికి "ఇది తప్పేమో సార్" అని అదే గదిలో ఎన్నోసార్లు అంది. ఎవరూ కసురుకోలేదు. పెద్ద మాట అనాల్సిన రోజుకి ఆ నోటికి అలవాటైపోయింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్లకు ఒక చెక్‌లిస్టు తెచ్చింది. కత్తి పెట్టేముందు గదిలో ఉన్నవాళ్లంతా తమ పేరు, పని చెప్పుకోవాలన్నది అందులో ఒక అంశం. మా సీనియర్లు నవ్వారు. ఎనిమిది ఆసుపత్రుల్లో వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో లెక్కలొచ్చాయి. పేర్లు చెప్పుకోవడం ఒక్కదానివల్లే తగ్గాయని నేననను.

విమానాల వాళ్లు మాకంటే ముందే మేలుకున్నారు. 1978లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర, చక్రాల గొడవలో పడి గాల్లోనే తిరుగుతూ ఇంధనం అయిపోయి యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానం ఒకటి కూలింది. పదిమంది పోయారు. ఇంధనం తగ్గుతోందని విమానంలోని ఇంజనీరుకు తెలుసు, గట్టిగా చెప్పలేకపోయాడు. ఆ తర్వాత అదే సంస్థ సిబ్బందికి కలిసి పనిచేయడంలో శిక్షణ మొదలుపెట్టింది. 1989లో వాళ్ల విమానమే ఇంజన్ పేలి, కంట్రోళ్లు పనిచేయకుండా పోయి, సూ సిటీలో కూలింది. 296 మందిలో 184 మంది బతికారు. కెప్టెన్ ఆల్ హేన్స్ తన గొప్ప చెప్పుకోలేదు, ఆ శిక్షణ గురించి చెప్పాడు. ఆ ఊరి సహాయక సిబ్బంది అయితే 1987లోనే విమానం కూలితే ఏం చేయాలో రిహార్సల్ వేసుకున్నారట.

అంకితభావం అంటే డ్యూటీ అయ్యాక కూడా ఉండిపోవడమని మా పైవాళ్ల లెక్క. నేనూ అలా ఉండిపోయినదాన్నే. కానీ పక్కవాళ్ల ట్రాలీలో ఏముందో తెలుసుకోవడానికి నేను పెట్టిన టైమే పేషెంట్లకు ఎక్కువ పనికొచ్చింది.

డాక్టరమ్మ వెళ్లిపోయాక కొత్త మేనేజ్‌మెంట్ ఆ పది నిమిషాలూ దండగని తీసేసింది. నెలకోసారి స్టాఫ్‌ను మార్చడం మొదలైంది. ఆరు నెలలు తిరక్కుండానే ఒక కేసులో "రక్తం తెండి" అని సర్జన్ అరిచారు. ముగ్గురం ఒకేసారి తలుపు వైపు పరిగెత్తాం. ఇంకొకరు వెళ్తున్నారు కదా అని ముగ్గురం ఒకేసారి ఆగిపోయాం. వెళ్లమనడానికి ఆయనకు మాలో ఒక్కరి పేరూ తెలియదు.

మిగిల్చిన ఆ పది నిమిషాలు ఎటుపోయాయో మరి. మొదటి కేసు మాత్రం ఎప్పటిలాగే ఆలస్యంగానే మొదలయ్యేది.

— ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు