బీకరులో నీళ్లు, మా కాలువలో నీళ్లు

సంపాదకుడు గారికి,

నీళ్లలోని రంగును పీల్చేసే జెల్ గురించి మీ పత్రికలో వార్త వచ్చి పది రోజులైంది. చదివి సంతోషించి ఊరుకున్నాను. ఈ ఉత్తరం రాయాల్సి వచ్చింది మొన్న మా వార్డు సమావేశం వల్ల. అద్దకం నీళ్ల కాలువ సంగతి ఎత్తగానే ఒక అధికారి మీ వార్త కత్తిరింపును జేబులోంచి తీసి, "శాస్త్రవేత్తలు కనిపెట్టేశారు కదా, కాస్త ఓపిక పట్టండి" అన్నారు. ఓపిక మాకు కొత్తా?

ముప్పై ఏళ్లు బడిలో రసాయనశాస్త్రం చెప్పాను. పరిశోధన అంటే నాకు చిన్నచూపు లేదు. చిన్న చిన్న అణువులు ఎవరూ కూర్చకుండానే హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుని పోగులవుతాయి, పోగులు వలగా అల్లుకుంటాయి, ఆ వల తన బరువుకు ఎన్నో రెట్ల నీటిని పట్టి ఉంచుతుంది; అదే జెల్. మగ్గాల చప్పుడు మధ్య పెరిగినవాడికి ఇంతకన్నా ముచ్చట ఏముంటుంది? ఆ వలకు రుణావేశం ఉంటే, ధనావేశం ఉన్న మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు వెళ్లి దానికి అతుక్కుంటుంది. మీ ఫోటోలో బీకరు తేటపడింది అలాగే.

మా ఊళ్లో నూలుకు మిథిలీన్ బ్లూ ఎవరూ అద్దరు. వాడేవి నూలుతో రసాయనికంగా కలిసిపోయే రియాక్టివ్ రంగులు, వాటికి ఉండేది రుణావేశం. రెండు రుణాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయని బడిపిల్లలకూ తెలుసు. సరే, ధనావేశం ఉన్న జెల్ కూడా చేయవచ్చు. కానీ రంగు పట్టడానికి కుండీలో ఉప్పు గుమ్మరిస్తారు, సోడా కలుపుతారు. అంత ఉప్పు మధ్య ఆవేశాల ఆకర్షణ నీరసిస్తుంది. రంగును బట్టి నూటికి పది నుంచి యాభై పాళ్ల దాకా నూలుకు పట్టకుండానే కాలువలో పడుతుంది. రంగు తాగిన జెల్‌ను తర్వాత ఎక్కడ పారేస్తారు? కడిగి మళ్లీ వాడతామంటే, ఆ కడిగిన నీళ్లు ఎక్కడ పోస్తారు? మీ విలేఖరి ఈ మాట అడగనే లేదు. వెనుకటి రోజుల్లో సైన్స్ పేజీ రాసేవారు అడిగేవారు. ఇప్పుడు ఆ పేజీలో సగం రాశిఫలాలే.

పోనీ, రంగు మొత్తం పోయిందనుకుందాం. ఉప్పు పోతుందా? తమిళనాడులోని తిరుప్పూరులో నొయ్యల్ నది కింద రైతుల పొలాలు, బావులు పాడైంది ముఖ్యంగా ఉప్పు వల్లే. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకం యూనిట్లను, ఏడు వందలకు పైగా, మూయించింది. మా పెరటి కుండీలకూ ఆ ఫ్యాక్టరీలకూ పోలిక లేదు, నిజమే. అయినా మా బోరు నీళ్లు గ్లాసులో తేటగానే ఉంటాయి, టీ పెడితే ఉప్పగా ఉంటుంది. పెరట్లో కరివేపాకు చెట్టు ఆకుల అంచులు మాడిపోతున్నాయి.

అద్దేవాళ్లను నేను తప్పుపట్టను. మా వీధిలో ఒకామె చేతులు మణికట్టు దాకా నీలం. పండుగనాడు కూడా వదలదు ఆ రంగు. వాళ్ల కోసమని ఊరి చివర శుద్ధి తొట్టి కట్టారు, రిబ్బను కత్తిరించారు. నాలుగేళ్లయింది, మోటారుకు ఇంతవరకు కరెంటు ఇవ్వలేదు. తొట్టిలో తుంగ మొలిచింది. శిలాఫలకాన్ని మాత్రం ఎవరో శ్రద్ధగా తుడుస్తున్నారు. కరెంటు తీగ లాగడానికి కూడా శాస్త్రవేత్తలే రావాలేమో!

ఆసు పోసి పోసి, అంటే నేతకు ముందు పోగును మేకుల చుట్టూ చేత్తో తిప్పి తిప్పి, తల్లి భుజాలు పడిపోతుంటే చూడలేక లక్ష్మీ ఆసు యంత్రం చేసిన చింతకింది మల్లేశం మా జిల్లావారే. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన పని మొదలైంది ఇంట్లో, ఆసు ముందు కూర్చున్న మనిషి దగ్గర.

ఆ జెల్ చేసినవారి చిరునామా మీ దగ్గర ఉంటుంది. మా కాలువ నీళ్లు కావాలేమో అడగండి. రెండు క్యాన్లు నేనే నింపి బస్సులో వేస్తాను, ఖర్చు నాదే. మంగళవారం అయితే మెరూన్ దొరుకుతుంది, శుక్రవారం ఆకుపచ్చ.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
యాదాద్రి భువనగిరి జిల్లా